పాత జెన్‌లో ఎస్టీమ్ ఇంజిన్: ట్యాంకు నుంచి ఇంజెక్టర్ దాకా పెట్రోల్ దారి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. 1990ల నాటి కార్బురేటర్ మారుతి జెన్‌లో ఎస్టీమ్ 1.3 ఎంపీఎఫ్ఐ ఇంజిన్ (జీ13బీబీ, 16 వాల్వులది; కార్బురేటర్ బదులు ఒక్కో సిలిండర్‌కి ఒక ఇంజెక్టర్ పెట్రోల్ చిమ్మే రకం) పెడుతున్నారు. బండి ఆటోక్రాస్ (మలుపుల ట్రాక్ మీద టైము చూసే పోటీ) కోసమే. ఇంజిన్ మౌంటింగులు, గేర్‌బాక్స్ కుదిరాయి. ఇక పాత పెట్రోల్ పంపు పనికొస్తుందా, పైపులు పెద్దవి వేయాలా, ఆన్‌లైన్‌లో దొరికే గంటకు 255 లీటర్ల పంపు కొనేయవచ్చా, మెకానిక్ అన్నట్టు పాత ట్యాంకు పైభాగం కోసి పంపు దించి వెల్డింగ్ చేయించవచ్చా అన్నవి మీ నాలుగు ప్రశ్నలు.

నాలుగోదానికి ముందు జవాబు చెప్తాను, ఎందుకంటే ఆ పని ఈ వారమే పెట్టుకున్నట్టు రాశారు. దయచేసి చేయించకండి. నిండు ట్యాంకు కంటే ఖాళీ ట్యాంకే ప్రమాదం. మండేది ద్రవం కాదు, గాలితో కలిసిన ఆవిరి. గాలిలో ఒకటిన్నర శాతం పెట్రోల్ ఆవిరి ఉన్నా నిప్పు తగిలితే పేలుతుంది. పాత ట్యాంకు అతుకుల్లో, తుప్పు పొరల కింద పట్టి ఉన్న చెంచాడు పెట్రోల్ వెల్డింగ్ టార్చ్ వేడికి ఆవిరైతే చాలు. సబ్బు నీళ్లతో కడిగాం, నీళ్లు నింపి చేస్తాం, సైలెన్సర్ పొగ పట్టిస్తాం అంటారు. ఇవన్నీ చేసి కూడా ప్రాణాలు పోయిన వర్క్‌షాపులున్నాయి. పైగా అంత సాహసం చేసినా మీకు దక్కేది లోపల బ్యాఫిల్ (పెట్రోల్ ఒక్కసారిగా ఒరగకుండా ఆపే అడ్డరేకు) లేని ఒక ట్యాంకు. దానికి బదులు ఏం చేయాలో కింద చెప్తాను.

ఇప్పుడు అసలు సంగతి. 993 సీసీ తీసి 1298 సీసీ పెడుతున్నాం కాబట్టి పెట్రోల్ కూడా ముప్పై శాతం ఎక్కువ కావాలి, పైపు కాస్త లావుది వేస్తే సరిపోతుంది అని మీరు లెక్క వేశారు. రెండు చోట్ల ఆ లెక్క తప్పుతుంది. పెట్రోల్ ఖర్చు సీసీని బట్టి కాదు, పవర్‌ని బట్టి ఉంటుంది. కార్బ్ జెన్ 50 బీహెచ్‌పీ, ఎంపీఎఫ్ఐ ఎస్టీమ్ 85 బీహెచ్‌పీ. అంటే ఫుల్ యాక్సిలరేటర్‌లో పెట్రోల్ డెబ్భై శాతం ఎక్కువ. రెండోది ఇంకా ముఖ్యం. కార్బురేటర్‌కి మెకానికల్ పంపు ఇచ్చే ప్రెషర్ 0.2 నుంచి 0.3 బార్. సుజుకీ ఎంపీఎఫ్ఐ రైలులో (ఇంజెక్టర్లకి పెట్రోల్ పంచే గొట్టంలో) ఉండాల్సింది 2.5 నుంచి 3 బార్. పది రెట్లు. మీ బండిలో పెద్ద మార్పు ఇంజిన్ సైజు కాదు, ఈ పది రెట్లే. పైపు లావు సమస్యే కాదు. ఆ పైపు, ఆ గొట్టం, ఆ క్లిప్పు, ఆ ఫిల్టర్ ఇంత ప్రెషర్‌కి తయారైనవేనా అన్నదే సమస్య.

ఎంత పెట్రోల్ కావాలో ఒకసారి కాగితం మీద వేసుకుందాం. టర్బో లేని పెట్రోల్ ఇంజిన్‌కి ఫుల్ లోడ్‌లో ఒక్కో హార్స్‌పవర్‌కి గంటకు సుమారు 0.23 కిలోల పెట్రోల్ అని లెక్కపెడతారు. 85 బీహెచ్‌పీకి 19.5 కిలోలు. లీటరు 0.74 కిలో అనుకుంటే గంటకు 26 లీటర్లు. ఈ20 పెట్రోల్‌కి (ఇరవై శాతం ఇథనాల్ కలిపినదానికి) ఇంకో ఎనిమిది శాతం కలపండి, 28 లీటర్లు. పంపుకి వయసు, వేడి, వోల్టేజీ తగ్గుదల అన్నీ చూసుకుని సగం మార్జిన్ ఇస్తే 42. అంటే 3 బార్ ప్రెషర్ దగ్గర, 12 వోల్టుల దగ్గర గంటకు 45 లీటర్లు ఇచ్చే పంపు మీకు హాయిగా సరిపోతుంది. కంపెనీ ఎంపీఎఫ్ఐ కార్ల ట్యాంకు పంపులు మామూలుగా ఇంతకంటే ఎక్కువే ఇస్తాయి. పంపు కొనేటప్పుడు డబ్బా మీద రాసిన లీటర్ల అంకె ఒక్కటే చూడకండి. ప్రెషర్ లేకుండా వదిలినప్పటి అంకె రాసేవాళ్లు చాలామంది. 3 బార్ దగ్గర ఎంత అని అడగండి. చెప్పలేకపోతే ఆ పంపు వద్దు.

అందుకే 255 లీటర్ల పంపుకి నా జవాబు వద్దనే. అది పెద్దది కాబట్టి భద్రం అనిపిస్తుంది, కానీ మీ బండికి అదే కొత్త సమస్య. ఇంజిన్ గంటకు 28 లీటర్లు తాగితే మిగతాదంతా రిటర్న్ పైపులో వెనక్కి రావాలి. ఐడిలింగ్‌లో ఇంజిన్ తాగేది లీటరు లోపే, అంటే దాదాపు మొత్తం వెనక్కి రావాలి. పాత జెన్ రిటర్న్ పైపు సన్నం. అంత పెట్రోల్ దాంట్లో పట్టక రెగ్యులేటర్ (రైలు ప్రెషర్‌ని హద్దులో ఉంచే వాల్వు) వెనుక ప్రెషర్ పెరుగుతుంది. రెగ్యులేటర్ పూర్తిగా తెరుచుకున్నా రైలు ప్రెషర్ 3 బార్ దగ్గర ఆగదు. ఐడిలింగ్‌లో బండి రిచ్‌గా (పెట్రోల్ ఎక్కువై) నడుస్తుంది, నల్లటి పొగ, తడిసిన ప్లగ్గులు. మెకానిక్ ఇంజెక్టర్లని, ఈసీయూని (ఇంజిన్ కంప్యూటర్‌ని) అనుమానిస్తాడు.

వేడి సంగతి ఇంకోటి. జెన్ ట్యాంకు 35 లీటర్లది. ఆటోక్రాస్‌లో బరువు తగ్గించడానికి ఎనిమిది లీటర్లు పోసుకుని వెళ్తారనుకుందాం. ఆ ఎనిమిది లీటర్లని 255 లీటర్ల పంపు రెండు నిమిషాల్లో ఒక చుట్టు తిప్పేస్తుంది. ప్రతి చుట్టూ బానెట్ కింది వేడిని మోసుకుని ట్యాంకులోకి వస్తుంది. పెట్రోల్‌లో తేలికపాటి భాగాలు 35, 40 డిగ్రీల దగ్గరే మరగడం మొదలుపెడతాయి. మన వైపు మే నెలలో గాలే 45 డిగ్రీలు ఉంటుంది. పోటీలో రెండు హీట్లు (రౌండ్లు) అయ్యాక పంపు నోట్లోకి బుడగలు వెళ్లి, మెకానిక్‌లు ఎయిర్ లాక్ అనేది మొదలవుతుంది. సరిపడా పంపు పెట్టుకుంటే ఈ బాధ చాలావరకు ఉండదు.

పాత మెకానికల్ పంపు సంగతి ఒక్క మాటలో చెప్తాను. ఈ ఇంజిన్‌కి పనికిరాదు. 0.3 బార్ ఇచ్చే పంపుతో ఇంజెక్టర్ స్ప్రే చేయదు, కారుతుంది. దీనికి తిరగేసిన తప్పు కూడా చూస్తుంటాం. కార్బ్ ఎస్టీమ్ ఇంజిన్ పెట్టుకుని, చేతిలో ఉంది కదా అని దానికి ఎంపీఎఫ్ఐ పంపు తగిలిస్తారు. ఆ ప్రెషర్ ఫ్లోట్ నీడిల్‌ని (కార్బురేటర్‌లోకి పెట్రోల్ రాకని ఆపే సూదిని) నెట్టేసి పెట్రోల్‌ని కార్బురేటర్ మీదుగా వేడి ఇంజిన్ మీద పారిస్తుంది. మంట ఖాయం. మీ స్నేహితులెవరైనా కార్బ్ ఇంజిన్‌తో ఈ స్వాప్ (ఇంజిన్ మార్పిడి) చేస్తుంటే ఈ మాట తప్పకుండా చెప్పండి.

ఇప్పుడు నేను ఎక్కువ సేపు ఆగదలచుకున్న చోటు, ట్యాంకు. ఆటోక్రాస్ బండికి ఇదే ప్రాణం. కార్బురేటర్ బండిలో ఫ్లోట్ చాంబర్‌లో కాస్త పెట్రోల్ నిలవ ఉంటుంది. మలుపులో ట్యాంకులోని పెట్రోల్ ఒక పక్కకి ఒరిగి పైపు రెండు సెకన్లు గాలి పీల్చినా ఇంజిన్‌కి తెలియదు. ఎంపీఎఫ్ఐకి ఆ నిలవ లేదు. పంపు గాలి మింగిన వెంటనే రైలు ప్రెషర్ పడిపోతుంది, మిక్స్చర్ లీన్ అవుతుంది, అంటే గాలికి తగ్గ పెట్రోల్ ఉండదు. అది జరిగేది ఎప్పుడు? మీరు ఫుల్ యాక్సిలరేటర్‌లో, ఆరు వేల ఆర్‌పీఎం దగ్గర, మలుపు నుంచి బయటికి వస్తున్నప్పుడు. ఇంజిన్‌కి పెట్రోల్ ఎక్కువ కావాల్సిన క్షణం అదే. ఒకసారి అయితే జర్క్ అంటాం. ప్రతి ల్యాప్‌లో అదే మలుపులో అవుతుంటే ఎగ్జాస్ట్ వాల్వులు కాలతాయి, పిస్టన్ పైభాగం కరుగుతుంది. ఇంజిన్ విప్పి చూసినవాళ్లు టైమింగ్ తప్పనుకుంటారు. తప్పు ట్యాంకులో ఉంటుంది.

కార్బ్ జెన్ ట్యాంకులో ఒక పీల్చే పైపు, గేజ్ ఫ్లోట్ మాత్రమే ఉంటాయి. అందుకని మీకు రెండు దారులు. మొదటిది, నా సలహా కూడా అదే, తరువాత వచ్చిన ఎంపీఎఫ్ఐ జెన్ ట్యాంకుని పంపు మాడ్యూల్, స్ట్రాపులు, వేపర్ (ఆవిరి) పైపులతో సహా తెచ్చుకోవడం. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట పాత సామాను కొట్లలో వెతికితే దొరికే సామానే. పంపు చుట్టూ గిన్నెలాంటి ఏర్పాటు ఉంటుంది, అది మలుపుల్లో కొంత పెట్రోల్ పట్టి ఉంచుతుంది. ఒకే మోడల్ బాడీ అని నమ్మి కొనేయకుండా బోల్టు పాయింట్ల దూరాలు, ఫిల్లర్ పైపు వ్యాసం, పంపు విప్పడానికి పైన సీటు కింద దారి ఉందా అన్నవి టేపుతో కొలుచుకుని వెళ్లండి. ట్యాంకులోకి టార్చి లైటు వేసి చూడండి. ఎర్రటి పొడి కనిపిస్తే ధర ఎంత తగ్గించినా వద్దు.

ఈ దారిలో ఒక మెలిక ఉంది, చాలామంది ఇక్కడే పడతారు. ఎంపీఎఫ్ఐ బండ్లలో రెండు రకాలు. ఒక రకంలో ప్రెషర్ రెగ్యులేటర్ ఇంజిన్ దగ్గర, ఇంజెక్టర్ రైలు చివర ఉంటుంది. దానికి మ్యానిఫోల్డ్ (ఇంజిన్‌లోకి గాలి పంచే గొట్టాలు) నుంచి చిన్న వాక్యూం గొట్టం, కింద నుంచి ట్యాంకుకి రిటర్న్ పైపు ఉంటాయి. రెండో రకంలో రెగ్యులేటర్ ట్యాంకులోని పంపు మాడ్యూల్‌లోనే ఉంటుంది. ఇంజిన్ వైపు ఒక్క పైపే వెళ్తుంది. మీ ఇంజిన్ రైలు ఏ రకమో, మీరు తెచ్చే ట్యాంకు మాడ్యూల్ ఏ రకమో రెండూ చూసుకోండి. రిటర్న్ ఉన్న రైలుకి లోపలే రెగ్యులేటర్ ఉన్న మాడ్యూల్ పెడితే రెండు రెగ్యులేటర్లు పోట్లాడుకుంటాయి. రైలుకి మాడ్యూల్ ఇచ్చిన దానికంటే ఎక్కువ ఎప్పటికీ రాదు. రిటర్న్ లేని రైలుకి రెగ్యులేటర్ లేని పంపు పెడితే అసలు ప్రెషర్‌కి అదుపే లేదు. రెండూ ఒకే రకం అయితే సగం తలనొప్పి పోయినట్టే.

రెండో దారి సర్జ్ ట్యాంకు. పాత ట్యాంకు అలాగే ఉంటుంది. దాని నుంచి తక్కువ ప్రెషర్ ఎలక్ట్రిక్ పంపు ఒకటి పెట్రోల్‌ని లీటరున్నర, రెండు లీటర్ల చిన్న నిలువు డబ్బాలోకి తోడుతుంది. డబ్బా అడుగు నుంచి హై ప్రెషర్ పంపు ఇంజిన్‌కి ఇస్తుంది. రైలు రిటర్న్ తిరిగి ఈ డబ్బాలోకే వస్తుంది. డబ్బా పైనుంచి పొంగేది ట్యాంకులోకి పోతుంది. ఈ పై పైపే గాలి బుడగలు బయటికి పోయే దారి కూడా, దాన్ని మూయకూడదు, సన్నగా చేయకూడదు. మలుపులో ట్యాంకు పంపు కొన్ని సెకన్లు గాలి పీల్చినా డబ్బాలో ఉన్న రెండు లీటర్లు ఇంజిన్‌ని ఆదుకుంటాయి. గంటకు 28 లీటర్లంటే నిమిషానికి అర లీటరు కూడా లేదు, కాబట్టి రెండు లీటర్లు చాలా ఎక్కువే. నిజమైన పోటీ బండికి ఇదే మేలైన ఏర్పాటు. నేను దీన్ని రెండోదిగా ఎందుకు పెట్టానంటే, పంపులు రెండు, జాయింట్లు రెట్టింపు, లీకయ్యే చోట్లు రెట్టింపు. డబ్బాని డ్రైవర్ కూర్చునే చోట పెట్టాలంటే మధ్యలో ఆవిరి రాని ఇనుప గోడ ఉండాలి. డిక్కీలో అడ్డగోడ లేకుండా పెట్టిన సర్జ్ ట్యాంకులు చూసి భయం వేసింది చాలాసార్లు. అది కుదరకపోతే మొదటి దారిలోనే వెళ్లి, ట్యాంకు ఎప్పుడూ సగానికి తగ్గకుండా చూసుకోండి. ఎనిమిది లీటర్ల ముచ్చట వదిలేయండి. పది లీటర్లు అదనంగా పోస్తే పెరిగేది ఏడున్నర కిలోలు. అది పోయిన పిస్టన్ కంటే చవక.

ఏ దారిలో వెళ్లినా హై ప్రెషర్ పంపు గురించి ఒక నియమం. అది తోయడంలో బలమైనది, పీల్చడంలో బలహీనం. ట్యాంకు లోపల గానీ, ట్యాంకు పక్కన అదే మట్టంలో లేదా కిందుగా గానీ ఉండాలి. పెట్రోల్ తనంతట తాను దాంట్లోకి రావాలి. బానెట్ కింద పెడితే ట్యాంకు నుంచి ముందుదాకా పైపంతా పీల్పు మీద నడుస్తుంది. పీల్పులో ప్రెషర్ తగ్గుతుంది, ప్రెషర్ తగ్గితే పెట్రోల్ ఇంకా తక్కువ వేడికే మరుగుతుంది. డిసెంబర్‌లో బాగా నడిచి ఏప్రిల్‌లో మొరాయించే స్వాప్ బండ్లలో మొదట ఇదే చూడండి.

ఇక పైపులు. బండి కింద ఉన్న ఇనుప పైపు బయటి వ్యాసం వెర్నియర్‌తో కొలవండి. 8 మిల్లీమీటర్లు ఉంటే లోపల సుమారు 6 ఉంటుంది. దాంట్లో గంటకు 80 లీటర్లు పారించినా వేగం సెకనుకి 0.8 మీటర్లే. కాబట్టి సైజు మార్చనక్కర్లేదు. పాతికేళ్ల పైపు తుప్పు పట్టి ఉంటే మాత్రం అదే సైజులో కొత్తది వేయండి. ముఖ్యంగా క్లాంపుల కింద, సైలెన్సర్ పక్కన గీకి చూడండి. 0.3 బార్‌కి కారని సూది బెజ్జం 3 బార్‌కి పిచికారీ అవుతుంది. ఏసీ, గ్యాస్ పనివాళ్లు వాడే రాగి గొట్టం వేయకండి. అదురుకి రాగి గట్టిపడి పగులుతుంది.

ఇనుప పైపు కోసిన చోట చివర్న ఉబ్బు ఉండాలి. కంపెనీ పైపుకి అది ఉంటుంది, మీరు హాక్‌సా బ్లేడుతో కోశాక పోతుంది. ఉబ్బు లేని నున్నటి చివరకి రబ్బరు గొట్టం తొడిగి ఎంత బిగించినా 3 బార్ దగ్గర జారుతుంది. ఫ్లేరింగ్ టూల్ ఉన్నవాళ్లతో ఉబ్బు చేయించుకోండి. గొట్టం మీద ముద్ర చదవండి. ఎస్ఏఈ జే30 ఆర్6, ఆర్7 అని ఉంటే అవి కార్బురేటర్ బండ్లవి. ఎంపీఎఫ్ఐకి ఆర్9 కావాలి, లోపలి పొర ఫ్లోరో రబ్బరుతో ఉంటుంది, ఇథనాల్‌ని కూడా తట్టుకుంటుంది. ట్యాంకు లోపల, పెట్రోల్‌లో మునిగి ఉండే చోట ఆర్9 కూడా పనికిరాదు. దాని బయటి పొర పెట్రోల్‌లో నానడానికి చేసింది కాదు. మెత్తబడి ముక్కలై పంపు జల్లెడకి అడ్డం పడుతుంది. మునిగే చోట ఆర్10 అని ముద్ర ఉన్నదే వాడాలి. పంపు మాడ్యూల్ రిపేరు చేసేటప్పుడు చేతిలో ఉన్న ముక్క తొడిగేయడం మన దగ్గర మామూలైపోయింది, మీరు దగ్గరుండి చూసుకోండి.

క్లిప్పులు చుట్టూ సమానంగా బిగుసుకునే ఇంజెక్షన్ రకానివి వాడండి. గాట్లున్న మామూలు వార్మ్ క్లిప్పు రబ్బరుని కోస్తుంది. మాడ్యూల్ మీద క్విక్ కనెక్టర్ ప్లాస్టిక్ ముక్కులుంటే వాటి మీద రబ్బరు గొట్టం తొడిగి క్లిప్పు వేయకండి, సరైన కనెక్టర్ తెచ్చుకోండి. బ్యాంజో బోల్టు (మధ్యలోంచి పెట్రోల్ పారే బెజ్జం ఉన్న బోల్టు) దగ్గర వాషర్లు విప్పిన ప్రతిసారీ కొత్తవి. టెఫ్లాన్ టేపు ఎక్కడా వద్దు, దాని పోగు ఒకటి విడిపోతే నేరుగా ఇంజెక్టర్‌లోకి వెళ్తుంది. పారదర్శకంగా ఉండే చిన్న ప్లాస్టిక్ ఫిల్టర్ మీ పాత బండిలో ఉంటుంది, దాన్ని తీసేయండి. పంపు తర్వాత ఇనుప డబ్బా ఎంపీఎఫ్ఐ ఫిల్టరే ఉండాలి. ప్లాస్టిక్ ఫిల్టర్ పగిలేది ఎగ్జాస్ట్ మీదే అని అనుకుని పని చేయండి.

ఈ20 గురించి మీరు అడగలేదు గానీ పాతికేళ్ల బండికి అది చాలా పెద్ద విషయం. 2023 ఫిబ్రవరిలో మొదలైన ఈ20 ఇప్పుడు మామూలు పెట్రోల్‌గా బంకుల్లో వస్తోంది. స్వచ్ఛమైన పెట్రోల్‌కి కిలోకి 14.7 కిలోల గాలి కావాలి, ఈ20కి సుమారు 13.5 చాలు. అంటే పాత సెట్టింగులతో ఇంజెక్టర్ అంతే సేపు తెరిస్తే మిక్స్చర్ ఎనిమిది శాతం లీన్. ఆక్సిజన్ సెన్సర్ ఉన్న ఈసీయూ ఐడిలింగ్‌లో, నిదానంగా నడిపేటప్పుడు దీన్ని సరిచేసుకుంటుంది. ఫుల్ యాక్సిలరేటర్‌లో చాలా పాత ఈసీయూలు సెన్సర్ మాట వినవు, టేబుల్‌లో ఉన్నంతే ఇస్తాయి. మీ బండి ఎక్కువ సేపు ఉండేది ఫుల్ యాక్సిలరేటర్‌లోనే. అందుకే వైడ్‌బ్యాండ్ సెన్సర్ (మిక్స్చర్ ఎంత రిచ్, ఎంత లీన్ అన్నది అంకెల్లో చూపే ఆక్సిజన్ సెన్సర్) తగిలించి చూడకుండా పోటీకి వెళ్లకండి. గేజ్‌ని ఏఎఫ్ఆర్‌లో (గాలి, పెట్రోల్ నిష్పత్తిలో) కాకుండా ల్యాంబ్డాలో (సరైన మిక్స్చర్‌ని 1 అనుకునే కొలతలో) పెట్టి చదవండి, పెట్రోల్‌లో ఇథనాల్ ఎంత ఉన్నా ఆ అంకె అర్థం మారదు. ఫుల్ లోడ్‌లో 0.86 నుంచి 0.88 మధ్య ఉంటే నిశ్చింత. 0.95 దాటుతుంటే అక్కడితో ఆపండి.

ఇథనాల్ పాత ట్యాంకు గోడలకి అంటుకున్న మడ్డిని కూడా వదిలిస్తుంది. కాబట్టి మొదటి కొన్ని గంటల పరుగు తర్వాత ఫిల్టర్ ఒకసారి మార్చండి. పంపు జల్లెడ కూడా విప్పి చూడండి.

ఇంజెక్టర్లు ఎస్టీమ్‌వి, ఈసీయూ ఎస్టీమ్‌ది అయితే సైజు గురించి టెన్షన్ వద్దు. కొనే ముందు లెక్క చూసుకోవాలంటే ఇది: గంటకు 26 లీటర్లంటే నిమిషానికి సుమారు 435 సీసీ, నాలుగు ఇంజెక్టర్లకి తలా 109. ఎనభై శాతం డ్యూటీ (ఉన్న సమయంలో ఇంజెక్టర్ తెరిచి ఉండే భాగం) మీద ఉంచాలంటే ఒక్కోటి నిమిషానికి 136 సీసీ ఇవ్వాలి. ఈ20కి 147. ఆరు వేల ఆర్‌పీఎం దగ్గర రెండు చుట్లకి పట్టేది 20 మిల్లీసెకన్లు, అందులో 16 దాటి ఇంజెక్టర్ తెరిచి ఉండాల్సి వస్తుంటే అది చిన్నదని అర్థం. కొంచెం లీన్ అయితే ప్రెషర్ పెంచి సరిచేద్దాం అనే సలహా ఎవరో ఒకరు ఇస్తారు. ప్రెషర్‌కి వర్గమూలం లెక్కన మాత్రమే పెట్రోల్ పెరుగుతుంది. 2.5 నుంచి 3 బార్‌కి పెంచితే వచ్చేది తొమ్మిదిన్నర శాతమే, పైగా ప్రెషర్ పెరిగితే పంపు ఇవ్వగల పెట్రోల్ తగ్గుతుంది. నాలుగింటినీ ఫ్లో బెంచ్ మీద పెట్టించి, ఒకదానికొకటి ఐదు శాతం లోపు తేడాలో ఉన్నాయా చూసుకోవడం దానికంటే మంచి పని. ఓ-రింగులు తప్పకుండా కొత్తవి వేయండి.

వైరింగ్. మీ జెన్‌లో వెనక్కి ఎలక్ట్రిక్ పంపు వైరే లేదు. ట్యాంకు గేజ్ వైరు నుంచో, టెయిల్ ల్యాంప్ నుంచో కరెంటు తీసుకుంటామంటే ఒప్పుకోకండి. బ్యాటరీ నుంచి 15 ఆంపియర్ల ఫ్యూజు, రిలే, అక్కడి నుంచి 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు విడిగా పంపుదాకా. ఎర్త్ కూడా అంతే లావు, బాడీ రంగు గీకి బోల్టు వేయండి. ఇంజిన్ నడుస్తున్నప్పుడు బ్యాటరీ దగ్గర 13.8 వోల్టులు ఉండి పంపు పిన్నుల దగ్గర 11.5 వస్తుంటే, ఎంత మంచి పంపు కొన్నా సగం డబ్బు వైరులో పోయినట్టే.

రిలేని నడిపేది ఈసీయూనే కావాలి. తాళం తిప్పగానే ఈసీయూ పంపుని రెండు మూడు సెకన్లు నడిపి ఆపేస్తుంది. ఇంజిన్ తిరుగుతోందని సెన్సర్ చెప్తేనే మళ్లీ నడుపుతుంది. ఈ ఏర్పాటు మీ ప్రాణం కాపాడేది. బండి బోల్తా పడి పైపు తెగితే, ఇంజిన్ ఆగిన వెంటనే పంపు ఆగుతుంది. పంపుని నేరుగా ఇగ్నిషన్‌కి కలిపేస్తే అది తెగిన పైపులోంచి నిమిషానికి లీటరు చొప్పున చల్లుతూనే ఉంటుంది, లోపల మీరు బెల్టు పెట్టుకుని తలకిందులుగా ఉంటారు. వీలైతే దెబ్బ తగిలితే కరెంటు తెంచే ఇనర్షియా స్విచ్చి కూడా ఆ వైరులో పెట్టండి. రెండు కిలోల మంట ఆర్పే సిలిండర్ చేతికందే చోట బిగించండి. పైపు క్యాబిన్‌లోంచి తీసుకెళ్లడం కంటే కిందనుంచి, సైలెన్సర్‌కి ఎదురు పక్కగా, రాళ్లు తగలని చోట తీసుకెళ్లడం మేలు. ప్రతి అడుగుకీ ఒక రబ్బరు లైనింగ్ క్లాంపు వేయండి.

ట్యాంకు గాలి దారి మరచిపోకండి. పెట్రోల్ బయటికి పోతున్నంత గాలి లోపలికి రావాలి. పాత చార్‌కోల్ క్యానిస్టర్ (ట్యాంకు ఆవిరిని పట్టే బొగ్గు డబ్బా) పూడుకుపోయినా, ఎవరో వేపర్ పైపుకి బోల్టు కొట్టినా ట్యాంకులో వాక్యూం తయారై ఇరవై నిమిషాల తర్వాత బండి పికప్ పోతుంది. మూత తీయగానే బుస్సుమని గాలి లోపలికి వెళ్తే కారణం అదే. ఆ గాలి దారిలో, బోల్తా పడితే పెట్రోల్ కారకుండా మూసుకునే రోల్‌ఓవర్ వాల్వు ఉండాలి.

మొదటిసారి స్టార్ట్ చేసే రోజు ఏం చేయాలో చెప్తాను. బండి బయట, గాలి ఆడే చోట పెట్టండి. రైలు దగ్గర టీ వేసి ప్రెషర్ గేజ్ తగిలించండి. స్పార్క్ లేకుండా, పంపు రిలే మాత్రం కలిపి పది నిమిషాలు ప్రెషర్ మీద ఉంచండి. తెల్ల కాగితం ముక్కతో ప్రతి జాయింటూ తుడిచి చూడండి. పొడిగా ఉంటేనే ముందుకి. స్టార్ట్ అయ్యాక రిటర్న్ రకం అయితే, వాక్యూం గొట్టం ఉన్నప్పుడు ప్రెషర్ అర బార్ దాకా తక్కువ చూపించాలి, గొట్టం పీకితే పూర్తి ప్రెషర్‌కి ఎక్కాలి. ఎక్కకపోతే రెగ్యులేటర్ పోయింది. ఆ గొట్టంలో పెట్రోల్ తడి కనిపిస్తే రెగ్యులేటర్ పొర చిరిగింది, నడపకండి. ఇంజిన్ ఆపాక ప్రెషర్ ఐదు నిమిషాల్లో సున్నాకి పడిపోతుంటే పంపు చెక్ వాల్వో, ఇంజెక్టరో కారుతున్నట్టు. తర్వాత ట్రాక్ మీద, గేజ్‌ని వైపర్ కింద అద్దానికి టేపు వేసి, ఫుల్ యాక్సిలరేటర్‌లో సూది కదలకుండా నిలుస్తుందా చూడండి. పై గేర్‌లో ఆర్‌పీఎం ఎక్కేకొద్దీ నెమ్మదిగా పడితే పంపు లేదా ఫిల్టర్ చాలడం లేదు. మలుపులో మాత్రమే టక్కున పడి లేస్తే ట్యాంకు. ఈ రెండు తేడాలు తెలిస్తే సగం రోగ నిర్ణయం అయినట్టే. ఏ జాయింటైనా విప్పే ముందు పంపు ఫ్యూజు తీసి ఇంజిన్ దానంతట అది ఆగేదాకా నడపండి.

రోడ్డు మీదకి తీసుకురాను అన్నారు, ఆ మాట మీద ఉండండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలు కంపెనీ మొదట ఇచ్చిన వాటికి భిన్నం కాకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ కూడా చేతికి రాకపోవచ్చు. ట్రాక్ దాకా బండిని లారీ మీదో, ట్రైలర్ మీదో తీసుకెళ్లండి.

చివరిగా, పోటీకి పోటీకి మధ్య బండి నెలల తరబడి నిలబడి ఉంటుంది కదా. ట్యాంకులో ఈ20 అలా వదిలేయకండి. ఇథనాల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. తేమ ఓ హద్దు దాటితే ఇథనాల్, నీళ్లు కలిసి అడుగుకి దిగిపోతాయి. పంపు ఉండేది ఆ అడుగులోనే. నెల దాటి ఆపుతున్నారంటే పెట్రోల్ మొత్తం తీసేసి వేరే బండికి వాడుకోండి. మళ్లీ బయటికి తీసే రోజు కొత్త పెట్రోల్ పది లీటర్లు పోసి, స్టార్ట్ చేయకముందే రైలు దగ్గర నుంచి గాజు సీసాలోకి పావు లీటరు పట్టి చూడండి. అడుగున వేరే పొర కనిపిస్తే ట్యాంకు మళ్లీ ఖాళీ చేయాలి. ఇంజిన్ నంబరు ప్లేటు, రైలు రెండు వైపులా ఫొటోలు, మీరు తెచ్చే ట్యాంకు మాడ్యూల్ పైభాగం ఫొటో పెడితే అవి ఒకే రకమో కాదో నేను చూసి చెప్తాను. అప్పటిదాకా ఆ ట్యాంకు డబ్బు ఇచ్చేయకండి.